ఒకే బిళ్ళలో రెండు మందులు: ఎస్సిటాలోప్రామ్, క్లోనజెపామ్ కాంబినేషన్ టాబ్లెట్ మీద నా రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తాను. యాంగ్జైటీకి, అంటే అతి ఆందోళనకి, రాసే ఈ రెండు మందుల్లో ఎస్సిటాలోప్రామ్‌కి 5కి 4. క్లోనజెపామ్‌కి రెండు మూడు వారాల వాడకానికైతే 4, నెలల తరబడి వాడేదానికైతే 1. ఈ రెండింటినీ కలిపి ఒకే బిళ్ళగా అమ్మే కాంబినేషన్ టాబ్లెట్‌కి మాత్రం 2 కంటే ఎక్కువ ఇవ్వలేను. మందు పనిచేయలేదని కాదు, బాగానే పనిచేసింది. కానీ ఏ ఇబ్బంది ఏ మందు వల్ల వస్తోందో తెలియకుండా చేసేదీ, తెలిశాక కూడా సర్దుకునే దారి లేకుండా చేసేదీ ఆ కలపడమే.

బ్రాండ్ పేరు కావాలనే రాయట్లేదు. ఇదే కాంపోజిషన్‌ని మన దేశంలో బోలెడు కంపెనీలు బోలెడు పేర్లతో అమ్ముతున్నాయి, పేరు ఏదైనా లోపల ఎక్కువగా ఉండేది ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు, క్లోనజెపామ్ 0.5 మిల్లీగ్రాములు. ఎస్సిటాలోప్రామ్ 5 ఉన్న రకం కూడా దొరుకుతుంది. యాంగ్జైటీ అని డాక్టర్ దగ్గరికి వెళ్ళినవాళ్ళలో చాలామంది చేతిలో ఈ స్ట్రిప్పే చూశాను, మా ఆఫీసులోనే ముగ్గురు నలుగురు ఉన్నాం.

నేను డాక్టర్‌ని కాదు, విజయవాడలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. గుండె దడ, అరచేతుల్లో చెమట, ఊపిరి చాలనట్టు ఉండటం, రాత్రి మూడింటికి మెలకువ వచ్చి ఇక పట్టకపోవడం, ఇవన్నీ గుండె జబ్బేమోనని ఈసీజీ తీయించాం, ఎకో తీయించాం, థైరాయిడ్ చూపించాం, అన్నీ నార్మల్. చివరికి సూర్యారావుపేటలో ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే ఆయన కాసేపు విని, యాంగ్జైటీ అని చెప్పి, ఈ టాబ్లెట్ రాసి, "రాత్రి భోజనం అయ్యాక ఒకటి వేసుకోండమ్మా, నెల తర్వాత రండి" అన్నారు. అంతే. ఇందులో రెండు మందులున్నాయని గానీ, మొదట్లో ఏం జరుగుతుందని గానీ, సొంతంగా ఆపకూడదని గానీ ఒక్క మాట లేదు. నా కోపం మందు మీద కంటే ఆ చెప్పకపోవడం మీదే ఎక్కువ, ఎందుకంటే ముందే చెప్పి ఉంటే వీటిలో సగం భయపెట్టేవి కావు.

స్ట్రిప్ ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ముందు వైపు బ్రాండ్ పేరు పెద్దగా ఉంటుంది, కాంపోజిషన్ సన్నటి అక్షరాల్లో ఉంటుంది, వెండి రంగు రేకు మీద అది చదవాలంటే లైటు కింద అటూ ఇటూ వంచాలి. అక్కడే ఎర్ర రంగులో ఒక గుర్తు ఉంటుంది. మామూలు ప్రిస్క్రిప్షన్ మందు మీద 'ఆర్‌ఎక్స్' అని ఉంటే, దీని మీద 'ఎన్‌ఆర్‌ఎక్స్' అని ఉంటుంది. ముందున్న ఆ ఒక్క 'ఎన్' అర్థం ఏమిటంటే, లోపల ఉన్నదాంట్లో ఒకటి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చే మందు అని. అది క్లోనజెపామ్. విడిగా ఎస్సిటాలోప్రామ్ కొంటే ఆ 'ఎన్' ఉండదు.

ఇప్పుడు ఈ రెండింటి తేడా చెప్పాలి, ఇది అర్థమైతే మిగతా అంతా అర్థమవుతుంది. ఎస్సిటాలోప్రామ్ మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే మందు, సిటాలోప్రామ్ అనే పాత మందులో పనిచేసే భాగాన్ని వేరుచేసి తయారుచేశారు, అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది. ఇది వేసుకున్న రోజే ఏమీ చేయదు. గుణం కనబడటానికి కనీసం రెండు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. క్లోనజెపామ్ అలా కాదు, బెంజోడయాజెపైన్ అనే కుటుంబానికి చెందింది, మెదడులో గాబా అనే రసాయనం చేసే శాంతపరిచే పనిని బలపరుస్తుంది, గంటలోపే తెలిసిపోతుంది. అంటే మొదటి రాత్రి మీకు హాయిగా నిద్ర పట్టిందంటే అది క్లోనజెపామ్ పుణ్యం. మొదటి వారంలో కడుపులో తిప్పిందంటే అది చాలావరకు ఎస్సిటాలోప్రామ్ వల్ల. మంచి పేరు ఒకదానికి, చెడ్డ పేరు ఇంకోదానికి వచ్చే రోజులవి, కానీ బిళ్ళ ఒకటే కాబట్టి మనకి ఆ లెక్క తెలియదు. నిజానికి నెలల తరబడి మనల్ని నిలబెట్టేది ఆ చెడ్డ పేరు వచ్చినదే.

మొదటి రోజుల సంగతి. పొద్దున లేవగానే వికారం, ఇడ్లీ వాసనకే కడుపు తిరిగేది, రెండు మూడు సార్లు విరేచనం. తలనొప్పి. నోరు ఎండిపోవడం, నీళ్ళ సీసా పక్కన లేకపోతే మాట తడబడేది. ఆవలింతలు మాత్రం నేను అస్సలు ఊహించలేదు, నిద్ర రాకపోయినా మీటింగులో వరసగా ఆవలింతలు, మా మేనేజర్ "రాత్రి నిద్ర లేదామ్మా" అని అడిగారు. ఇది ఈ జాతి మందులకి తెలిసిన సైడ్ ఎఫెక్టే అని తర్వాత చదివాను. చెమటలు కూడా అంతే, ఫ్యాను కింద కూర్చున్నా మెడ వెనక తడి. విజయవాడ ఎండల్లో చెమట ఎవరికైనా పడుతుంది కాబట్టి దాన్ని మందుతో ముడిపెట్టాలని ఎవరికీ తోచదు.

ఇంకొకటి, రాత్రిళ్ళు పళ్ళు కొరకడం. పొద్దున్నే చెవి కింద దవడ నొప్పి, నమలడం కష్టంగా ఉంటే పంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నోట్లోకి చూసి, వెనక పళ్ళ కొసలు అరిగి ఉన్నాయని అద్దంలో చూపించి, "మీరేమైనా మందులు వాడుతున్నారా" అని అడిగారు. యాంగ్జైటీ మందు గురించి నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఎస్సిటాలోప్రామ్ లాంటి మందులు వాడేవాళ్ళలో కొందరికి ఇలా అవుతుందని చెప్పారు.

వీటన్నిటి కంటే ముఖ్యమైనది ఒకటుంది. ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టిన మొదటి వారం పది రోజుల్లో కొందరికి టెన్షన్ తగ్గకపోగా పెరుగుతుంది. ఒక చోట కుదురుగా కూర్చోలేకపోవడం, లోపల ఏదో తరుముతున్నట్టు ఉండటం. యాంగ్జైటీ తగ్గడానికి ఇచ్చిన మందు యాంగ్జైటీని పెంచుతుంటే ఎవరైనా ఏమనుకుంటారు, ఇది నాకు పడలేదు అనుకుని ఆపేస్తారు. అందుకే మంచి డాక్టర్లు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెమ్మదిగా 10కి తీసుకెళ్తారు. మొదటి రెండు వారాలు తోడుగా క్లోనజెపామ్ ఇవ్వడంలో అర్థం కూడా ఇదే, ఆ దడని అది అణిచి ఉంచుతుంది. ఇంతవరకు ఈ జోడీని నేను తప్పు పట్టను, పైగా ఒకటే బిళ్ళ కాబట్టి మర్చిపోవడం కూడా తక్కువ. వికారం, తలనొప్పి లాంటివి రెండు మూడు వారాల్లో చాలామందికి వాటంతట అవే పోతాయి, నాకూ పోయాయి.

పోనివి కొన్ని ఉంటాయి. వాటి గురించి మన ఇళ్ళల్లో ఎవరూ నోరు విప్పరు కాబట్టి నేను రాస్తున్నాను. ఎస్సిటాలోప్రామ్ వాడేవాళ్ళలో చాలామందికి దాంపత్యంలో ఆసక్తి తగ్గుతుంది. కోరిక కలగకపోవడం, ఆడవాళ్ళకి తృప్తి అందకపోవడం, మగవాళ్ళకి స్ఖలనం బాగా ఆలస్యం కావడం. మొగుడు పెళ్ళాల్లో ఒకరు మందు వాడుతుంటే రెండోవాళ్ళు దాన్ని అయిష్టం అనుకుంటారు, అనుమానిస్తారు, ఇంట్లో గొడవలు మొదలవుతాయి, ఇదంతా టాబ్లెట్ వల్ల అని ఎవరికీ తట్టదు. మా ఆయనతో కూర్చుని చెప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది, చెప్పాక ఇద్దరికీ బరువు దిగింది. డాక్టర్ దగ్గర దీనికి మార్గాలున్నాయి, డోసు తగ్గించొచ్చు, వేరే మందుకి మార్చొచ్చు. మిర్టజపిన్ లాంటివాటిలో ఈ ఇబ్బంది తక్కువ, కాకపోతే దానితో ఆకలి, బరువు, నిద్ర పెరుగుతాయి. అరుదుగా కొందరిలో మందు ఆపాక కూడా ఈ సమస్య మిగిలిపోవచ్చని 2019లో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ సమాచార పత్రంలో చేర్చమంది. ఇది అడగడానికి సిగ్గుపడాల్సిన విషయం కాదు, డాక్టర్ అడగకపోతే మనమే అడగాలి.

రెండోది, మనసు మొద్దుబారడం. భయం తగ్గిన మాట నిజమే, దానితో పాటు మిగతావి కూడా తగ్గాయి. మా అక్క కూతురి పెళ్ళిలో అప్పగింతలప్పుడు, పాలలో చేతులు ముంచి ఒకరి తర్వాత ఒకరు ఏడుస్తుంటే, నేను పెంచిన పిల్ల నా మెడ పట్టుకుని ఏడుస్తుంటే నాకు ఒక్క చుక్క రాలేదు. బాధ లేదని కాదు, ఉందని తెలుస్తోంది, కానీ అది గొంతు దాకా రావట్లేదు. చూసినవాళ్ళు ఎంత గట్టి గుండె అన్నారు. డోసు ఎక్కువైనప్పుడు ఇలా ఉంటుందని, తగ్గిస్తే చాలామందికి సర్దుకుంటుందని తర్వాత వెళ్ళిన డాక్టర్ గారు చెప్పారు, 10 నుంచి 5కి తగ్గించాక నాకు సర్దుకుంది కూడా.

ఇక క్లోనజెపామ్. రాత్రి వేసుకున్న మందు పొద్దున్నకి దిగిపోతుందని అందరూ అనుకుంటారు. క్లోనజెపామ్ సగం ఒంట్లోంచి పోవడానికే 30 నుంచి 40 గంటలు పడుతుంది, అంటే ఇవాళ్టిది పూర్తిగా పోకముందే రేపటిది వచ్చి చేరుతుంది. పొద్దున తొమ్మిదింటికి స్కూటీ మీద బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ కోసం ఆగితే, పచ్చ లైటు పడిందని కళ్ళకి తెలిసినా చెయ్యి యాక్సిలరేటర్ తిప్పడానికి ఒక క్షణం ఆలస్యమయ్యేది, వెనక నుంచి హారన్లు. ఆ క్షణం చాలు ప్రమాదానికి. ఆ రోజు నుంచి ఆటోలో వెళ్ళాను. మత్తుతో పాటు మతిమరుపు ఉంటుంది, వోచర్ ఎంట్రీ చేశానా లేదా అని వెనక్కి వెళ్ళి చూసుకోవడం, గ్యాస్ కట్టేశానా అని వంటింట్లోకి మళ్ళీ వెళ్ళడం. ఇది యాంగ్జైటీ లక్షణమే అనుకునేదాన్ని, క్లోనజెపామ్ మానేశాక పోయింది.

అసలు సమస్య ఇవేవీ కావు, అలవాటు పడటం. వారాల తరబడి రోజూ వాడితే ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది. అంతకుముందు పనిచేసిన డోసు చాలదు, ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోతుంది, చేతులు వణుకుతాయి, పాత దడ రెట్టింపై వస్తుంది, కొందరికి ఫిట్స్ వస్తాయి. అది చూసి జబ్బు తిరగబెట్టింది అనుకుని మళ్ళీ అదే బిళ్ళ మొదలుపెడతారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ఈ కుటుంబంలోని మందులన్నిటి మీదా ఈ అలవాటు గురించీ, ఆపినప్పుడు వచ్చే ఇబ్బందుల గురించీ చుట్టూ గీత గీసి పెట్టెలా చూపించే అతి గట్టి హెచ్చరిక పెట్టించింది. మన దగ్గర ఇదే కుటుంబంలోని అల్ప్రాజోలం, డయాజెపామ్ షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ మందుల జాబితాలో ఉన్నాయి, అవి అమ్మితే మెడికల్ షాపువాళ్ళు పేషెంటు పేరు, డాక్టర్ పేరు, ఎన్ని ఇచ్చారో విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు ఉంచాలి. నేను చూసినంతలో ఆ రిజిస్టర్ తెరిచిన షాపులు తక్కువ.

అల్ప్రాజోలం అంటే తెలంగాణవాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. కల్తీ కల్లులో కలిపేది దాన్నే, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కూడా కలుపుతారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు కాంపౌండ్లు మూతపడగానే వణుకుతూ, లేనివి కనిపిస్తున్నాయంటూ, ఫిట్స్‌తో జనం ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి వరస కట్టారు. వాళ్ళు కల్లు తాగుతున్నాం అనుకున్నారు, ఒళ్ళు అలవాటు పడింది మాత్రం మాత్రల పొడికి. రోజూ రాత్రి డాక్టర్ రాసిన చిన్న డోసు వేసుకునే మనకీ వాళ్ళకీ డోసులో చాలా తేడా ఉంది, కానీ ఒంట్లో జరిగే పని ఒకటే. ఈ టాబ్లెట్ వాడుతూ మద్యం గానీ కల్లు గానీ ముట్టుకోవద్దని అందుకే అంటారు, రెండూ కలిస్తే ఊపిరి నెమ్మదిస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు కాంబినేషన్‌కి నేను 2 ఎందుకిచ్చానో చెప్తాను. ఎస్సిటాలోప్రామ్ కొందరికి నిద్ర చెడగొడుతుంది, వాళ్ళు దాన్ని పొద్దున టిఫిన్ తర్వాత వేసుకుంటే సరిపోతుంది. కానీ ఇందులో క్లోనజెపామ్ ఉంది, పొద్దున వేసుకుంటే ఆఫీసులో తూలుతాం, కాబట్టి రెండూ రాత్రే మింగాలి. ఎస్సిటాలోప్రామ్ డోసు పెంచాలంటే రెండు బిళ్ళలు వేయాలి, దానితో అవసరం లేకపోయినా క్లోనజెపామ్ కూడా రెట్టింపవుతుంది. అన్నిటి కంటే పెద్ద ఇబ్బంది ఆపేటప్పుడు వస్తుంది. ఎస్సిటాలోప్రామ్ మామూలుగా బాగయ్యాక కూడా ఆరు నెలలు, ఏడాది వాడమంటారు. క్లోనజెపామ్ రెండు నుంచి నాలుగు వారాల్లో ఆపేయాలి. ఒకటి ఉంచి ఇంకోటి ఎలా తీస్తారు, బిళ్ళని సగానికి విరిస్తే రెండూ సగమవుతాయి. దీనితో ఏమవుతుందంటే, ఎస్సిటాలోప్రామ్ వాడాల్సినన్నాళ్ళూ క్లోనజెపామ్ కూడా ఒంట్లోకి పోతూనే ఉంటుంది. నెల తర్వాత రమ్మన్న డాక్టర్ గారు నెల తర్వాత అదే చీటీ మీద 'రిపీట్' అని రాశారు, ఆ తర్వాత కూడా అంతే. మెడికల్ షాపు అబ్బాయి అయితే పాత స్ట్రిప్ ఫోటో చూపిస్తే చాలు, "పదిహేనా మేడమ్, ముప్పయ్యా" అని అడిగేవాడు.

నేను వేరే డాక్టర్ దగ్గరికి మారాక ఆవిడ మొదట చేసిన పని రెండింటినీ విడదీయడం. ఎస్సిటాలోప్రామ్ విడిగా పొద్దున, క్లోనజెపామ్ విడిగా రాత్రి. విడిగా వచ్చాక క్లోనజెపామ్‌ని 0.5 నుంచి 0.25కి, ఆ తర్వాత దానిలో సగానికి, ఆ తర్వాత రోజు మార్చి రోజుకి, ప్రతి మెట్టు మీదా కొన్ని వారాలు ఆగి తగ్గించుకుంటూ వచ్చారు. తగ్గించిన ప్రతిసారీ రెండు మూడు రాత్రులు నిద్ర సరిగా పట్టేది కాదు, ఆవిడ ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. "ఇది జబ్బు కాదు, మందు వెళ్ళిపోతున్న చప్పుడు, ఓర్చుకోమ్మా" అన్నారు. ఇది నా లెక్క మాత్రమే, మీ తగ్గింపు లెక్క మీ డాక్టర్ వేయాలి, ఎన్నాళ్ళు వాడారు, ఎంత డోసు, వయసెంత అన్నదాన్ని బట్టి మారిపోతుంది.

ఎస్సిటాలోప్రామ్ అలవాటయ్యే మందు కాదు, అంటే అది లేకపోతే దాని కోసం ఆరాటం పుట్టదు, డోసు పెంచుకుంటూ పోవాలనిపించదు. కానీ ఠక్కున ఆపితే ఇదీ ఊరుకోదు. మా ఆఫీసులో ఒకావిడ సంక్రాంతికి ఊరెళ్తూ స్ట్రిప్ ఇంట్లో మర్చిపోయింది, పల్లెటూరు, కనుమ దాకా షాపులు లేవు. మూడో రోజుకి తల తిప్పితే చాలు లోపల కరెంటు షాక్ కొట్టినట్టు, కళ్ళు తిరగడం, ఊరికే ఏడుపు. పక్షవాతమేమోనని తిరిగొచ్చాక స్కాన్ కూడా తీయించారు, ఏమీ లేదు, మందు మళ్ళీ మొదలుపెట్టగానే పోయింది. పారోక్సెటిన్, వెన్లఫాక్సిన్ అనే ఇలాంటి మందులు వాడేవాళ్ళకి ఈ షాకులు ఇంకా ఎక్కువ, అవి ఒంట్లోంచి త్వరగా పోతాయి కాబట్టి. ఊరెళ్ళేటప్పుడు నాలుగు బిళ్ళలు హ్యాండ్‌బ్యాగులో విడిగా వేసుకోండి.

పెద్దవాళ్ళకి ఈ స్ట్రిప్ రాస్తే మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. మా మామయ్యగారికి అత్తయ్య పోయాక నిద్ర లేక, ఊరికే కంగారు పడుతుంటే ఎవరో ఇదే కాంబినేషన్ రాశారు. కొన్ని వారాలకి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోవడం, అన్నం తిన్నారో లేదో గుర్తులేకపోవడం, బాత్రూమ్‌కి వెళ్తూ గోడ పట్టుకోవడం. ఇంట్లో అందరూ దిగులు వల్ల, వయసు వల్ల అనుకున్నాం. ఒకరోజు మనిషిని గుర్తుపట్టకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాం, రక్తంలో సోడియం 120ల్లోకి పడిపోయింది, ఉండాల్సింది 135 నుంచి 145. ఎస్సిటాలోప్రామ్ లాంటి మందులు పెద్దవాళ్ళలో సోడియం తగ్గించగలవు, దానికి తోడు ఆయన బీపీ బిళ్ళలో నీరు లాగే హైడ్రోక్లోరోథయజైడ్ కూడా ఉంది, రెండూ కలిసి ఆ పని చేశాయి. పైన క్లోనజెపామ్ మత్తు, దానివల్ల తూలడం. ఆ వయసులో ఒకసారి పడితే తుంటి ఎముక విరిగి మంచాన పడతారు. అరవై దాటినవాళ్ళకి ఈ మందు మొదలుపెట్టిన రెండు మూడు వారాలకి ఒక్క సోడియం పరీక్ష చేయించమని అడగండి, పెద్ద ఖర్చు కాదు. ఎస్సిటాలోప్రామ్ వాళ్ళకి మామూలుగా 10 దాటనివ్వరు, గుండె జబ్బు ఉంటే ఈసీజీ కూడా చూస్తారు, ఎక్కువ డోసులో అది గుండె లయ మీద ప్రభావం చూపొచ్చు.

మనం మందు అని కూడా అనుకోని బిళ్ళలతో వచ్చే తంటా ఇంకోటి. ప్రతి ఇంట్లో ఉండే గ్యాస్ టాబ్లెట్, అందులో ఒమెప్రజోల్, ఈసోమెప్రజోల్ అయితే ఒంట్లో ఎస్సిటాలోప్రామ్ మోతాదుని పెంచుతాయి, డోంపెరిడోన్ కలిసినదైతే గుండె లయ విషయంలో అదనపు జాగ్రత్త కావాలి. మోకాళ్ళ నొప్పులకి వేసుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, గుండెకి వాడే ఆస్పిరిన్, వీటితో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది, మలం నల్లగా వస్తే ఆలస్యం చేయకూడదు. ట్రమడాల్ నొప్పి మాత్ర, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు సిరప్ కలిస్తే సెరటోనిన్ శ్రుతి మించి వణుకు, జ్వరం, కండరాలు బిగుసుకుపోవడం దాకా రావొచ్చు. జలుబుకి వేసుకునే సెట్రిజిన్ క్లోనజెపామ్ మత్తుని పెంచుతుంది. అందుకే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా, పంటి డాక్టర్ అయినా సరే, "నేను ఎస్సిటాలోప్రామ్ వాడుతున్నాను" అని చెప్పండి. మానసిక డాక్టర్ మందు అని దాచుకుంటే నష్టం మనకే.

ఇంటర్, నీట్ చదివే పిల్లలున్న తల్లిదండ్రులకి ప్రత్యేకంగా ఒక మాట. మా ఊళ్ళో కోచింగ్ హాస్టళ్ళు ఎన్నో మీకు తెలుసు, పరీక్షల టెన్షన్‌కి మందు దాకా వెళ్ళే పిల్లలు ఎక్కువవుతున్నారు, వెళ్ళడంలో తప్పు లేదు, చాలామందికి మేలే జరుగుతుంది. కానీ ఈ రకం మందులు మొదలుపెట్టినప్పుడు, డోసు మార్చినప్పుడు కొంతమంది పిల్లల్లో చనిపోవాలనే ఆలోచనలు పెరగొచ్చని ఎఫ్‌డీఏ 2004లో హెచ్చరిక పెట్టించింది, 2007లో దాన్ని 24 ఏళ్ళ వరకు వయసున్నవాళ్ళకీ వర్తింపజేసింది. మందు ఇవ్వొద్దని కాదు దాని అర్థం, మొదటి వారాల్లో పిల్లని హాస్టల్లో ఒంటరిగా వదలొద్దని. ఇంటికి తెచ్చుకోండి, రోజూ మాట్లాడండి, ఉన్నట్టుండి చిరాకు, కుదురు లేకపోవడం, నిద్ర పూర్తిగా పోవడం కనిపిస్తే అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి. డాక్టర్ దొరక్కపోతే మానసిక సహాయానికి టెలిమానస్ అనే ఫోన్ నంబర్ 14416 ఉంది, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, ఉచితం, రాత్రి పగలు ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మిగతా మందుల గురించి పొడుగ్గా రాయను, నేను వాడలేదు కాబట్టి. ప్రొప్రనలాల్ మాత్రం చెప్పాలి, స్టేజీ భయానికి, ఇంటర్వ్యూకి ముందు ఒకటి వేసుకో అని స్నేహితులే ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారు. గుండె వేగాన్ని, చేతుల వణుకుని తగ్గిస్తుంది, నిజమే. కానీ ఆస్తమా ఉన్నవాళ్ళకి అది ఊపిరితిత్తుల గొట్టాలని బిగించేస్తుంది, వాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. షుగర్‌కి మందు వాడేవాళ్ళకి షుగర్ పడిపోతున్నప్పుడు వచ్చే దడ, వణుకు తెలియకుండా చేస్తుంది. స్నేహితుడి జేబులోంచి తీసుకోవాల్సిన మందు కాదది. గర్భం దాల్చాలనుకునేవాళ్ళు ఏ యాంగ్జైటీ మందైనా సరే ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి, భయపడి ఒక్కసారిగా ఆపేయడం కూడా మంచిది కాదు.

నేనిప్పుడు ఎస్సిటాలోప్రామ్ 5 మీద ఉన్నాను, విడి స్ట్రిప్, జన ఔషధి కేంద్రంలో కొంటున్నాను. క్లోనజెపామ్ పూర్తిగా ఆగిపోయింది. వారానికోసారి కౌన్సెలింగ్‌కి వెళ్తున్నాను, దడ వచ్చినప్పుడు ఏం చేయాలో అక్కడ నేర్పుతున్నారు. పళ్ళు కొరకడం కొంచెం మిగిలింది, రాత్రి పళ్ళ మధ్య పెట్టుకోవడానికి పంటి డాక్టర్ ఒక తొడుగు చేసిచ్చారు. మీకు ఈ కాంబినేషన్ రాస్తే వెంటనే పారేయకండి, ఇప్పటికే నెలలుగా వాడుతుంటే ఇది చదివి ఇవాళ రాత్రి మానేయకండి. డాక్టర్ గారిని అడగాల్సినది ఒక్కటే, "ఇందులో క్లోనజెపామ్ ఎన్ని వారాలు, ఎప్పుడు ఎలా తీసేస్తారు, విడిగా రాయగలరా" అని. చాలామంది అడిగితే రాస్తారు, నా రెండో డాక్టర్ గారైతే అడగకముందే రాశారు.

ఇంకొక సంగతి, మనలో చాలామందికి తెలియదు. ఏ మందు వల్ల సైడ్ ఎఫెక్ట్ వచ్చినా పేషెంటే నేరుగా ప్రభుత్వానికి చెప్పొచ్చు. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే, మందుల సైడ్ ఎఫెక్టులు నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800 180 3024 అనే ఉచిత నంబర్ ఉంది, పని దినాల్లో ఆఫీసు వేళల్లో తీస్తారు. ఫోన్ చేసే ముందు స్ట్రిప్ చేతిలో పెట్టుకోండి, మందు పేరు, బ్యాచ్ నంబర్, ఎప్పుడు మొదలుపెట్టారు, ఏ ఇబ్బంది ఎప్పుడు వచ్చింది అన్నవి దగ్గరుంటే పని త్వరగా అవుతుంది. మామయ్యగారి సోడియం సంగతి నేను అలాగే చెప్పాను.